శుక్రవారం మాత్రమే తిరిగిన ఫ్యాను

ఏ మీటరు కొనాలి?

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది కరెంటు చూసే మీటరు ఏది కొనాలి అని. ఏదైనా కొనండి అంటాను. ఆ జవాబు వాళ్లకు నచ్చదు. తమిళనాడు ధర్మపురిలో ముప్పై ఏళ్లకు పైగా బండ్ల వైర్లు పీకి బిగించిన మనిషి ఇంతకన్నా గొప్పగా ఏదో చెబుతాడని ఆశపడి వస్తారు. నేను వాడిందల్లా ఒక చిన్న బల్బు, రెండు వైర్లు, ఒక క్లిప్పు. దాన్ని టెస్ట్ ల్యాంప్ అంటాం. కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే వెలగదు. నా జీవితంలో పెద్ద తప్పులన్నీ ఆ బల్బు చేతిలో పట్టుకునే చేశాను.

అందుకని షాపు ఎలా పెంచాను, ఎవరెవరు మెచ్చుకున్నారు వగైరా రాయను. అవన్నీ మా ఇంట్లో వాళ్లు వినీ వినీ విసిగిపోయారు. ఒక కారు ఫ్యాను సంగతి రాస్తాను. నాకు పని నేర్పింది ఆ ఫ్యానే. దానికి ముందు నేర్చుకున్నది వైర్లు కలపడం మాత్రమే.

మునుసామి మేస్త్రి

నా గురువు మునుసామి మేస్త్రి. లారీ ఎలక్ట్రీషియన్. ఆయన దగ్గర ఆరేళ్లు ఉన్నాను. ఏ బండి వచ్చినా ఆయన మొదటి పరీక్ష స్క్రూడ్రైవరు పిడితో ఒక దెబ్బ. సెల్ఫ్ మోటారు తిరగలేదా, దెబ్బ. హారను మోగలేదా, దెబ్బ. సగం బండ్లు ఆ దెబ్బకే కదిలేవి. కదలని బండిని మేస్త్రి కాసేపు కోపంగా చూసేవాడు, ఆ చూపుకు ఇంకొన్ని కదిలేవి. మంచి మనిషి, చెయ్యి తిరిగిన పనివాడు, కానీ ఈ దెబ్బ విద్య మాత్రం మీరు నేర్చుకోవద్దు. దెబ్బ కొడితే జబ్బు దాక్కుంటుంది, పోదు.

ఆయన షాపులో ఒక ఆచారం ఉండేది. పని అయిన ప్రతి బండికి ముందువైపు ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టి పంపాలి. దిష్టి తగలకూడదని. చిక్కేమిటంటే దారం గాలికి తెగిపోయేది. కృష్ణగిరి దాటేలోపు నిమ్మకాయ ఎక్కడో రాలిపోయేది. వైరింగు సరిగ్గా లేదని తిరిగొచ్చిన వాళ్లకన్నా నిమ్మకాయ పడిపోయిందని తిరిగొచ్చి తగువు పెట్టుకున్న డ్రైవర్లే ఎక్కువ.

నల్లంపల్లి దగ్గర హైవే మీద నేను సొంత షాపు పెట్టినప్పుడు ఈ సమస్య తీర్చాను. దారానికి బదులు కరెంటు వైరు. ఒక కొసన బఠాణీ గింజంత సీసం కరిగించి బొట్టు పెడితే నిమ్మకాయ జారదు. రెండో కొసన రాగి బయటపెట్టి, కొక్కెంలా వంచి, ఏదైనా నట్టు కింద పెట్టి బిగిస్తే కాశ్మీరు దాకా పోయినా ఊడదు. ఎర్ర వైరు, దాని పొడవునా సన్నటి నల్లగీత. ఆ రకం వైరు చుట్ట ఒకటి నా దగ్గర మిగిలిపోయి ఉండేది. మా బజారులో ఇంకెవరికీ ఈ ఆలోచన రాలేదని నాకు తెగ గర్వం. మేస్త్రి ఒకసారి వచ్చి ఆ ముడి పట్టుకుని లాగి చూశాడు. "పని ఎట్లుంటే ఏమి, నిమ్మకాయ మాత్రం బాగా కట్టినావు రా" అన్నాడు. దాన్ని పొగడ్తగానే తీసుకున్నాను.

తాళం తీసినా తిరిగేది

అప్పటిదాకా మేము చూసిన బండ్లలో రేడియేటరు ఫ్యాను ఇంజనుకు బెల్టుతో కట్టి ఉండేది. ఇంజను తిరిగితే ఫ్యాను తిరుగుతుంది, ఆగితే ఆగుతుంది. ఎనభైల మధ్యలో చిన్న కొత్త కార్లు వచ్చాయి. వాటిలో ఫ్యానుకు సొంత మోటారు.

మా వైపు అలాంటి కారు మొదట కొన్న వాళ్లలో రంగసామి నాయుడు ఒకరు. చింతపండు మండీ యజమాని. నెమ్మదిగా మాట్లాడడం ఆయనకు రాదు, "కాఫీ కావాలా" అన్నా ఎవరినో తిడుతున్నట్టే ఉండేది. కారు డ్రైవరు మాదప్ప. నాకన్నా పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. పదిహేనేళ్లు లారీ తోలి నడుము పోగొట్టుకున్నాడు. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. డాక్టరు లారీ ఎక్కితే ఇక నడవలేవన్నాడట. అలాంటి మనిషికి మెత్తటి సీటున్న ఈ చిన్న కారు ఉద్యోగం దొరికింది. దాన్ని రోజుకు రెండుసార్లు తుడిచేవాడు.

నేను షాపు పెట్టిన కొన్నాళ్లకే ఆ కారు హారను కోసం వచ్చింది. నాయుడుగారికి తన గొంతుకు తగ్గ హారను కావాలి. మాదప్ప తాళం తీసి జేబులో వేసుకున్నాడు. నేను బానెట్టు ఎత్తి తల లోపల పెట్టాను. అప్పుడు ఎవరూ ముట్టుకోకుండా ఫ్యాను దానంతట అదే గిర్రున తిరిగింది. నేను ఎగిరిపడితే బానెట్టు నా నెత్తికి తగిలింది. టీ అంగడి నుంచి నలుగురు పరిగెత్తుకొచ్చారు.

"తాళం ఇక్కడుండాది, ఇంజను నిలిచిపోయుండాది. లోపల ఎవరో ఉండారప్పా!" అన్నాడు ఒకాయన, రెండడుగులు వెనక్కి వేస్తూ.

"ఎవరూ లేరు. వేడి దిగేదాకా అది అట్లే తిరుగుతుంది. కంపెనీ వాళ్లు చెప్పి పంపినారు" అన్నాడు మాదప్ప.

"అదంతా నాకు తెలుసు" అన్నాను నెత్తి రుద్దుకుంటూ. ఏమీ తెలియదు. ఆ సాయంత్రం కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మలు చూసి తెలుసుకున్నాను.

మీకు తెలిసిందే అయినా చెబుతాను. బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి రిలే, రిలే నుంచి ఫ్యాను. రేడియేటరులో ఒక చిన్న వేడి స్విచ్చి ఉంటుంది. నీళ్లు బాగా వేడెక్కితే అది రిలేకు కబురు పెడుతుంది, రిలే ఫ్యానుకు కరెంటు వదులుతుంది. ఫ్యానులోంచి బయటికొచ్చిన కరెంటు బ్యాటరీకి తిరిగిపోవడానికి వేరే వైరు ఉండదు. కారు బాడీయే దారి. ఫ్యాను రెండో వైరును గ్రిల్లు వెనక బాడీకి ఒక నట్టుతో బిగిస్తారు. దాన్ని ఎర్త్ అంటాం. వచ్చే దారి అందరూ చూస్తారు, పోయే దారి ఎవరూ చూడరు. నేనూ చూడలేదు.

హారను బిగించాను, షాపు ఆచారం ప్రకారం నిమ్మకాయ కట్టాను, బండి పంపాను.

మూడు శుక్రవారాలు

నాయుడుగారు ప్రతి బుధవారం సేలం పోయేవారు. తిరిగొచ్చేటప్పుడు తొప్పూరు ఘాటు రోడ్డు ఎక్కాలి. ముందు లారీలు చీమల్లా పాకుతుంటే వెనక ఈ కారు ఫస్టు గేరులో మూలుగుతూ ఎక్కాలి. రేడియేటరు ఫ్యాను అవసరమంతా అక్కడే. హారను పెట్టిన కొద్ది వారాలకు ఒక బుధవారం ఘాటు మధ్యలో కారు ఆవిరి కక్కింది. ఫ్యాను తిరగలేదు.

నాయుడుగారికి ఒక పట్టింపు. బండి మీద స్పానరు పెడితే శుక్రవారమే పెట్టాలి. గురువారమంతా కారు మండీలో పడుంది. శుక్రవారం పొద్దున మాదప్ప దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పాత నిమ్మకాయ తీసి కొత్తది కట్టి, కర్పూరం చూపించి షాపుకు తెచ్చాడు. వేడి స్విచ్చి వైర్లు రెండూ కలిపాను. ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. ఫ్యూజు మీద కొంచెం నలుపు కనబడితే దాన్ని మార్చి, "ఇదే కారణం" అన్నాను.

తరువాతి బుధవారం ఘాటులో మళ్లీ ఆవిరి. శుక్రవారం మళ్లీ వచ్చింది, ఫ్యాను మళ్లీ తిరిగింది. తిరుగుతున్న ఫ్యానులో జబ్బు వెదకడం ఎలాగో తెలియక రిలే మార్చాను. "ఈసారి చూడండి" అన్నాను. నాయుడుగారు చూశారు. బుధవారం అదే ఘాటు, అదే మలుపు, అదే ఆవిరి.

మూడో శుక్రవారం బెంగుళూరు నుంచి తెప్పించిన కొత్త వేడి స్విచ్చి వేశాను. మునుసామి మేస్త్రి కూడా చూడడానికొచ్చాడు. అన్నీ విని, తల అడ్డంగా ఊపాడు.

"ఇంజను ఉండాది, బెల్టు ఉండాది. ఫ్యానును దానికి కట్టి వదలక ఇంతమందిని మధ్యలో ఎందుకు పెట్టినారు? స్విచ్చి రిలేకి చెప్పాలంట, రిలే ఫ్యానుకి చెప్పాలంట. ఇదేమన్నా తాలూకాఫీసా?" అన్నాడు. అని, తన పద్ధతిలో స్క్రూడ్రైవరు పిడితో ఫ్యానుకు ఒకటి తగిలించాడు. తిరుగుతున్న ఫ్యాను తిరుగుతూనే ఉంది. "చూసినావా" అన్నాడు నాతో, తానే బాగు చేసినట్టు.

ఆ బుధవారం కూడా కారు ఉడికింది.

పిల్లలూ, నా మొదటి తప్పు ఇక్కడ చూడండి. మూడుసార్లూ బాగున్న బండినే చూశాను. బాగున్న బండికి సామాన్లు మార్చాను. జబ్బు చేసిన రోజున దాని మొహం ఒక్కసారీ చూడలేదు. శుక్రవారానికీ బుధవారానికీ మధ్య ఏం జరుగుతోందని ఎవరినీ అడగలేదు. అడిగితే నాకు తెలియదని తెలిసిపోతుంది కదా.

"తాళం చెవి ఇచ్చేసి పో"

నాకు తెలియదని నేను ఒప్పుకోకపోవడంతో తప్పు ఇంకొకరి మీద పడింది. ఫ్యూజు కొత్తది, రిలే కొత్తది, స్విచ్చి కొత్తది. ఇంకా ఉడుకుతోందంటే డ్రైవరు నీళ్లు పోయడం లేదని నాయుడుగారు తేల్చేశారు. గురువారం పొద్దునే కారు నా షాపు ముందు ఆపించి, నా ఎదుటే మాదప్పను నిలబెట్టారు.

"లారీ తోలిన చెయ్యి కదా, చిన్న బండంటే అలక్ష్యం. వచ్చే బుధవారం గానా ఉడికిందంటే తాళం చెవి నా చేతికిచ్చేసి నడిచి ఇంటికి పో. చెప్పేసినాను!"

"దినమూ నీళ్లు పోస్తా ఉండానయ్యా" అన్నాడు మాదప్ప. చెయ్యి నడుము మీద పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈ ఉద్యోగం పోతే ఆయనకు మిగిలింది లారీయే అని ముగ్గురికీ తెలుసు.

నాకు సిగ్గేసింది. "బుధవారం నేనూ వస్తానయ్యా" అన్నాను.

"రా. ఉడికేది నీవూ చూడు" అన్నారు నాయుడుగారు.

తొప్పూరు ఘాటు

బుధవారం సేలంలో పని ముగిసి, మధ్యాహ్నం తిరుగుదారి పట్టాం. ముందు మాదప్ప, పక్కన నేను, ఒళ్లో టెస్ట్ ల్యాంపు. వెనక నాయుడుగారు, పక్కన నీళ్ల క్యాను. నీళ్లు తానే స్వయంగా చూసి పోయించారు. ఘాటు ఎక్కడం మొదలైంది. వేడి ముల్లు లేచింది. మాదప్ప దానివైపు చూడడం మానేసి రోడ్డునే చూస్తున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. తీర్థమలై స్వామికి మొక్కుకుంటున్నాడని తరువాత చెప్పాడు.

మలుపు దగ్గర ఆవిరి లేచింది. బండి పక్కకు తీసి ఇంజను ఆపాం. ఫ్యాను కదలలేదు.

నేను దూకి బానెట్టు ఎత్తాను. ల్యాంపు పెట్టి చూస్తే ఫ్యూజు దగ్గర కరెంటు ఉంది. రిలే దాటి ఉంది. ఫ్యాను వైరు దాకా ఉంది. అన్నీ ఉన్నాయి, ఫ్యాను మాత్రం శవంలా ఉంది. మోటారే పోయిందంటే శుక్రవారం ఎలా తిరిగింది?

"ఏమప్పా గోపాలూ, కండుపిడించినావా?" అని నాయుడుగారు వెనక నుంచి కేక వేశారు. కనిపెట్టావా అని. ఆ కేకకు లోయలోంచి బదులు కూడా వచ్చింది.

ఆ ఘాటులో కోతులు ఎక్కువ. ఒక పెద్ద కోతి పిట్టగోడ మీద కూర్చుని ఇందాకటి నుంచి మమ్మల్ని చూస్తోంది. నేను ఆవిరి నుంచి తప్పుకుని మొహం తుడుచుకుంటుంటే అది తాపీగా దిగొచ్చి, కారు ముందు కూర్చుని, నిమ్మకాయ పట్టుకుని లాగింది. రాలేదు. నా కట్టు మరి. రెండు చేతులతో పట్టుకుని, కాలు బంపరుకు తన్నిపెట్టి, గట్టిగా గుంజింది.

ఫ్యాను గిర్రున తిరిగింది.

కోతి కీచుమని అరిచి గోడ దూకి పోయింది. ఫ్యాను ఆగిపోయింది. మేము ముగ్గురం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం.

"నీవు నాలుగు వారాలు చూసినావు, అది నాలుగు నిమిషాలు చూసింది" అన్నారు నాయుడుగారు.

నేను మోకాళ్ల మీద కూర్చుని నిమ్మకాయ వైరును మెల్లగా కదిలించాను. ఫ్యాను తిరిగింది. వదిలాను, ఆగింది. వైరు పట్టుకుని పైకి చూసుకుంటూ పోయాను. అది గ్రిల్లు సందులోంచి లోపలికి పోయి ఫ్యాను ఎర్త్ నట్టు కింద దూరింది. నట్టు చుట్టూ పచ్చగా, తెల్లగా పొక్కు కట్టి ఉంది. నిమ్మకాయ రసం వైరు పట్టుకుని గాలికి ఎగదన్నుకుంటూ పోయి నట్టును తినేసింది. ప్రతి శుక్రవారం మాదప్ప కొత్త నిమ్మకాయ గుచ్చడానికి నట్టు వదులు చేసి మళ్లీ బిగించేవాడు. ఆ రాపిడికి పొక్కు రాలి ఎర్త్ బాగయ్యేది. బుధవారానికి రసం మళ్లీ తన పని తాను చేసుకునేది. శుక్రవారం నా దగ్గరికి వచ్చేసరికి, నా కన్నా ముందే మాదప్ప దాన్ని బాగు చేసి తెస్తున్నాడన్న మాట.

సీసం బొట్టు

"దీన్ని ఈ నట్టుకు కట్టింది ఎవరు?" అని అడిగారు నాయుడుగారు.

నా చేతిలో వైరు ఉంది. ఎర్ర వైరు, సన్నటి నల్లగీత. కొసన బఠాణీ గింజంత సీసం బొట్టు.

ధర్మపురి నుంచి బి. మల్లాపురం దాకా వెదికినా అలాంటి బొట్టు పెట్టేవాడు ఇంకొకడు లేడు. హారను బిగించిన రోజు చేతికి అందిన నట్టు కింద దూర్చి బిగించాను. ఏ నట్టు అని చూడలేదు. నిమ్మకాయ ఊడకూడదన్నదే నా ధ్యాస. ఇన్ని వారాలు ప్రతి శుక్రవారం ఆ నిమ్మకాయ మీదుగా వంగి పనిచేశాను. ఒక్కసారీ దాన్ని చూడలేదు. నేను కట్టింది కదా, అందులో తప్పేముంటుంది?

"ప్రతి శుక్రవారం నేనే కడ్తా ఉండానయ్యా" అన్నాడు మాదప్ప. జేబులోంచి తాళం చెవి తీశాడు.

నిజం చెప్పాలి. ఒక క్షణం నేను నోరు మెదపలేదు. షాపు పెట్టి ఏడాది కాలేదు. నాయుడుగారి గొంతు తెలుసు, ఆయన ఒకసారి చెబితే మూడు ఊళ్లకు వినబడుతుంది. సీసం బొట్టు సంగతి ఆయనకు తెలియదు. ఆ ఒక్క క్షణం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

"నేనయ్యా" అన్నాను. "మొదట ఆ నట్టుకు కట్టింది నేను. ఈ బొట్టు చూడండి, ఇది నా చెయ్యి. అన్న నేను కట్టినట్టే కడ్తా వచ్చినాడు. ఇన్ని దినాలు మీ బండి ఉడికింది నా వల్లనే."

నాయుడుగారు నన్ను చూశారు, నిమ్మకాయను చూశారు, గోడ అవతల మళ్లీ తల ఎత్తిన కోతిని చూశారు. ఇక తిడతారని భుజాలు బిగబట్టాను. ఆయన నవ్వడం మొదలుపెట్టారు. అది కూడా తిట్టినంత గట్టిగానే ఉంది. నవ్వి నవ్వి కారుకు ఆనుకున్నారు, ఒళ్లు చురుక్కుమని వెనక్కి దూకారు. కారు ముందువైపు ఇంకా వేడిగానే ఉంది.

"మాదప్పా, చెవి నీ దగ్గరే పెట్టుకో" అన్నారు చివరకు, ఆయన నుంచి నేను విన్న అతి చిన్న గొంతుతో. "గోపాలూ, నీవు ముందర సీటులో కూర్చుని ఆ నిమ్మకాయ చేతిలో పట్టుకుని రా. దిష్టి తగలకూడదు కదా!"

నట్టు గీకి శుభ్రం చేసి బిగించాను. ఫ్యాను హాయిగా తిరిగింది. మండీ దాకా నిమ్మకాయ రెండు చేతుల్లో పట్టుకునే వచ్చాను. తరువాత ప్రతి బుధవారం నాయుడుగారు ఘాటులో కారు ఆపి కోతులకు అరటిపళ్లు వేసేవారు. "మా మెకానిక్కు" అని సేలం వ్యాపారులకు చూపించేవారట.

ఆ శుక్రవారం మాదప్ప కొత్త నిమ్మకాయతో షాపుకు వచ్చాడు. నేను అడిగాను. "అన్నా, నేను కట్టిన దినం నీవు పక్కనే ఉండావు కదా. నేనని ఎందుకు చెప్పలేదు?"

మాదప్ప గోడ పట్టుకుని బెంచీ మీద మెల్లగా కూర్చున్నాడు.

"నీ అంగడి కొత్తది తంబీ. నా నడుము ఎట్లాగూ పాతదే" అన్నాడు. అని, నిమ్మకాయ నా ముందు పెట్టాడు. "ఇప్పుడు చెప్పు, దీన్ని ఎక్కడ కట్టేది?"

ఆ కారుకు ఉన్న నట్లన్నీ ఒక్కొక్కటే చూశాను. చూసి, దారంతో కట్టాను.